కారు పాలిష్ మిషన్: తక్కువ ధరదే కొనండి, కానీ తప్పు కాసేది కొనండి



ఎప్పుడూ ఎరువులు, మందులు, మార్కెట్ రేట్లు రాసేవాడు ఇవాళ కారు పాలిష్ మీద పడ్డాడేంటి అనుకోవద్దు. ఈ నెలలో నాకొచ్చిన మెసేజ్‌లలో ఒకే ప్రశ్న నాలుగైదు సార్లు ఉంది. "బాబాయ్, ఆన్‌లైన్‌లో రెండున్నర వేలకి కారు పాలిష్ మిషన్ పెట్టారు, తీసుకోమంటావా?" అని. అడిగినవాళ్ళలో ఇద్దరు సెకండ్ హ్యాండ్ కారు కొన్న రైతులు, మిగతావాళ్ళు ఊళ్ళో వాటర్ సర్వీసింగ్ పెట్టుకుందామనుకుంటున్న కుర్రాళ్ళు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నా.

ముందే నా మాట చెప్పేస్తా. కొత్తగా పాలిష్ పట్టేవాడు చవక మిషన్ కొనడంలో తప్పేం లేదు. కానీ చవకలో కూడా రెండు రకాలున్నాయి. ఒకటి మన చెయ్యి తప్పితే వెంటనే రంగు లేపేసేది. రెండోది మన చెయ్యి తప్పినా తప్పు కాసేది. మొదటిది రెండు మూడు వేలు తక్కువకి దొరుకుతుంది కాబట్టే మనవాళ్ళంతా దాని వైపు పోతున్నారు. అది వద్దని చెప్పడానికే ఈ పోస్టు.

ఈ గొడవ మనకెందుకు అంటారా? ఇప్పుడు పల్లెల్లో కారు షోకు కాదు. ఆసుపత్రికీ, పిల్లల కాలేజీకీ, పెళ్ళిళ్ళకీ అదే. మనం కొనేవి ఎక్కువగా పాతవి. మళ్ళీ అవసరం వస్తే అమ్ముకునేదీ మనమే. అమ్మేటప్పుడు బ్రోకర్ వచ్చి ముందు ఇంజన్ చూడడు, బానెట్ మీద చెయ్యి వేస్తాడు. రంగు ఎక్కడ లేచింది, ఎక్కడ మళ్ళీ కొట్టించారు అని చూసి అక్కడి నుంచి బేరం మొదలుపెడతాడు. కాబట్టి కారు రంగు అంటే అందం ఒక్కటే కాదు, మన డబ్బు కూడా.

పైగా మన కార్లకి పడే కష్టం పట్నం కార్లకి ఉండదు. మిరప కల్లం పక్కన నిలబెడతాం. వరికోత మిషన్ లేపిన దుమ్మంతా దాని మీదే. బోరు నీళ్ళతో కడిగి ఎండలో వదిలేస్తే తెల్ల మరకలు పడతాయి. అన్నింటికంటే పెద్ద దెబ్బ ఏంటంటే, పొద్దున్నే పాత లుంగీ గుడ్డ తీసుకుని పొడి దుమ్ము మీద రుద్దేయడం. ఆ దుమ్ములో ఇసుక ఉంటుంది. అది గుడ్డ కింద పడి ఉప్పు కాగితంలా పనిచేస్తుంది. నల్ల కారునో నీలం కారునో ఎండలో పెట్టి చూస్తే సూర్యుడి చుట్టూ సాలెగూడులా సన్న గీతలు కనపడతాయి చూడండి, అవి ఇలా వచ్చినవే. పాలిష్ మిషన్ అసలు పని ఈ సన్న గీతల్ని తీయడం.

ఎలా తీస్తుంది? ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఉంది. పాలిష్ గీతని పూడ్చదు. గీత చుట్టూ ఉన్న పొరని దాని లోతు దాకా అరగదీసి సమానం చేస్తుంది. అంటే పాలిష్ పట్టిన ప్రతిసారీ కారు పైపొర కొంచెం పోతుంది.

ఆ పొర ఎంతుంటుందో తెలుసా? ఇప్పటి కార్లకి రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, దాని మీద అద్దంలాంటి క్లియర్ కోట్ ఉంటాయి. అన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. మన జిరాక్స్ కాగితం ఒక్కటి 100 మైక్రాన్ల మందం. అంటే కారు రంగంతా కలిపి కాగితమంత, ఇంకొంచెం ఎక్కువ. అందులో మనం పాలిష్ పట్టే క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లే. అంటే అర కాగితం. నెమ్మదిగా పట్టే మామూలు పాలిష్ అందులో ఒకటి రెండు మైక్రాన్లు తీస్తుంది. మోటు కాంపౌండు, ఊలు ప్యాడ్, చెయ్యి ఒకేచోట ఆగడం, ఈ మూడూ కలిస్తే ఎంత పోతుందో చెప్పలేం.

చేలో పైమట్టి లాంటిదే ఇది. కొట్టుకుపోయిన పైమట్టి మళ్ళీ రావడానికి తరాలు పడుతుంది. కారు క్లియర్ కోట్ అయితే అసలు రాదు. ఎండ దెబ్బ నుంచి రంగుని కాపాడేది కూడా అదే. అది పలచబడితే రెండు మూడు వేసవులకి తెల్లగా పొక్కులు లేచి పొట్టు ఊడుతుంది. అప్పుడు ఏ పాలిషూ పనికిరాదు, మళ్ళీ పెయింట్ కొట్టించాల్సిందే. కాబట్టి మిషన్ ఎంత బలంగా రుద్దుతుంది అని కాదు, ఎంత నిదానంగా రుద్దుతుంది అని చూసి కొనాలి.

ఇప్పుడు పాలిష్ మిషన్ పేరుతో అమ్మేవి, మనవాళ్ళు వాడేవి ఒక్కొక్కటి చూద్దాం.

మొదటిది గ్రైండర్. ఇంట్లో గేట్లు కోసే 4 అంగుళాల గ్రైండర్ ఉంది కదా, దానికే స్పాంజి బిగిద్దాం అనే తెలివి. దయచేసి వద్దు. స్పీడు మార్చే బటన్ లేని మామూలు గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. లెక్క వేస్తే ఆ చక్రం అంచు గంటకి 200 కిలోమీటర్ల పైన పరుగెడుతున్నట్టు. పాలిష్‌కి కావాల్సింది 600 నుంచి 2,000 చుట్లు. గ్రైండర్ కింద రంగు క్షణాల్లో కాలిపోతుంది. స్పాంజి చిరిగి మొహం మీదకి ఎగురుతుంది. పక్క ఊళ్ళో ఒక కుర్రాడు నల్ల కారు బానెట్ మీద ఇలాగే పట్టాడు. బానెట్ మధ్యలో ఉన్న మడత గీత పొడవునా తెల్లటి ప్రైమర్ బయటికొచ్చింది. పాపం అతను దురాశతో చేసింది కాదు, వీడియోలో చూసి చేశాడు. కానీ కారు వేరేవాళ్ళది.

రెండోది డ్రిల్లు మిషన్‌కి తగిలించే ప్యాడ్. మసకబారిన హెడ్‌లైట్ మీద పట్టడానికి పనికొస్తుంది. కారంతా పట్టాలంటే డ్రిల్లుని రెండు చేతులతో సమానంగా పట్టుకోలేం. ప్యాడ్ ఒక పక్కకి ఒరిగి నెలవంకల్లాంటి గీతలు పెడుతుంది. హెడ్‌లైట్‌తో ఆపండి.

మూడోది రోటరీ పాలిషర్. రెండున్నర వేలకి మీకు కనపడేది ఎక్కువగా ఇదే. 7 అంగుళాల ప్లేటు, చూడ్డానికి పెద్ద గ్రైండర్ లాగే ఉంటుంది. ప్లేటు ఒకే ఇరుసు మీద గుండ్రంగా తిరుగుతుంది, నిమిషానికి 600 నుంచి 3,000 చుట్ల దాకా. తీసే పని వేగంగా తీస్తుంది. కానీ మనం ఎంత అదిమినా తిరగడం ఆపదు. వేడి అంతా ఒకేచోట పుడుతుంది. అంచుల మీద, మడతల మీద రంగు సహజంగానే పలచగా ఉంటుంది. అక్కడ రెండు సెకన్లు ఎక్కువ ఆగితే అయిపోయినట్టే.

నాలుగోది పెద్ద గుండ్రటి మిషన్, 9, 10 అంగుళాల మెత్తకి తొడుగు వేసి ఉంటుంది. దీన్ని కూడా పాలిషర్ అనే అమ్ముతారు. ఇది మైనం పూయడానికీ, తుడవడానికీ మాత్రమే. గీతలు తీసే బలం దీనికి లేదు. హాని లేదు, లాభమూ అంతంతే. మైనం చేత్తో పూసుకుంటే ఆ డబ్బు మిగులుతుంది.

ఐదోది డ్యూయల్ యాక్షన్, అందరూ డీఏ పాలిషర్ అంటారు. దీని ప్లేటు తన చుట్టూ తాను తిరుగుతూనే, ఇంకో చిన్న వలయంలో ఊగుతుంది. భూమి తన చుట్టూ తిరుగుతూ సూర్యుడి చుట్టూ తిరిగినట్టు. అందువల్ల వేడి ఒకేచోట పేరుకోదు, గుండ్రటి గీతలూ పెద్దగా పడవు. అన్నింటికంటే పెద్ద గుణం ఏంటంటే, ఎక్కువగా అదిమినా, అంచు మీద ఒరిగినా ప్లేటు తిరగడం ఆగిపోతుంది, ఊగడం మాత్రమే మిగులుతుంది. అంటే మనం తప్పు చేస్తే మిషనే చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. కొత్తవాడికి కావాల్సింది ఇదే. నేను తప్పు కాసే మిషన్ అంటున్నది దీన్నే.

ఒక జాగ్రత్త. కర్ర పని వాళ్ళు వాడే శాండర్ కూడా ఇలాగే ఊగుతుంది, ఫొటోలో ఒకేలా కనపడుతుంది. కానీ దాని ఊపు 2 నుంచి 5 మిల్లీమీటర్లు మాత్రమే, స్పీడు చాలా ఎక్కువ. అది ఉప్పు కాగితానికి చేసింది. డబ్బా మీద శాండర్ అని ఉంటే పక్కన పెట్టండి.

"పట్నంలో పెయింటర్లంతా రోటరీతోనే చేస్తున్నారు కదా, వాళ్ళ కార్లు కాలిపోతున్నాయా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. వాళ్ళు రోజుకొకటో రెండో కార్లు పదేళ్ళుగా పడుతున్నవాళ్ళు. వాళ్ళ చేతికి వేడి తెలుస్తుంది, శబ్దంలో తేడా తెలుస్తుంది. బాగా మరిగిన ఎడ్లని మనం ముల్లుగర్ర లేకుండా తోలతాం. అదే జోడిని నిన్నటిదాకా కాడి పట్టనివాడికి ఇస్తే చాలు తప్పుతుంది. తప్పు ఎడ్లది కాదు. రోటరీ చెడ్డ మిషన్ అని నేను అనడం లేదు. మొదటి మిషన్‌గా చెడ్డది అంటున్నా. డీఏ మీద చెయ్యి కుదిరాక, రెండు మూడేళ్ళకి కావాలనుకుంటే రోటరీ కొనుక్కోండి.

డీఏ కొనాలంటే ఏం చూడాలి? వాట్లు చూసి మోసపోవద్దు. డబ్బా మీద 1200, 1600 అని పెద్ద అంకెలు వేస్తారు. ఇటలీ రూపెస్ కంపెనీ 15 మిల్లీమీటర్ల మిషన్, పెద్ద పెద్ద షాపుల్లో వాడేది, 500 వాట్లే. అంత ఖరీదైనది మనం కొనలేం, కొననక్కర్లేదు కూడా. అంకె పెద్దదైతే పని పెద్దది కాదని చెప్పడానికే దాని పేరు ఎత్తాను. మీరు చూడాల్సినవి ఇవి.

ప్లేటు 5 అంగుళాలది తీసుకోండి. మన చిన్న కార్ల డోర్లకీ, బంపర్ పక్కలకీ అది సరిగ్గా సరిపోతుంది. 6, 7 అంగుళాలైతే వంపుల మీద కూర్చోదు.

ఊపు 8 మిల్లీమీటర్లదీ ఉంటుంది, 15దీ, 21దీ ఉంటుంది. 8 అయితే నెమ్మది, వంపుల మీద సులువు. 15 అయితే బానెట్, టాప్ లాంటి చదును చోట్ల పని తొందరగా అవుతుంది. చవక మిషన్లలో 21 జోలికి పోవద్దు. బరువు సరిగ్గా తూచి చేయని మిషన్ అంత ఊపులో చేతులు తిమ్మిరెక్కేలా అదురుతుంది.

స్పీడు మార్చే చక్రం తప్పకుండా ఉండాలి, 1 నుంచి 6 దాకా. 1లో పెట్టినప్పుడు నిజంగా నెమ్మదిగా తిరగాలి. కొన్నింటికి 1లోనే పూనకం వచ్చినట్టు ఉంటుంది, అలాంటిది వద్దు.

షాపులో కొంటుంటే ప్లగ్గు పెట్టకుండా ప్లేటుని చేత్తో తిప్పండి. డీఏ అయితే ప్లేటు మధ్య భాగం ఇరుసుకి సూటిగా ఉండదు, పక్కకి జరిగి ఉంటుంది, చేత్తో తోస్తే తేలిగ్గా తిరుగుతుంది. ప్లేటు ఒకే ఇరుసు మీద తిరిగితే అది రోటరీ. గేర్లతో బలవంతంగా తిరిగే డీఏలు కూడా ఉన్నాయి. వాటిని అదిమినా ఆగవు, కొత్తవాళ్ళకి అవి కూడా వద్దు. ఆడించి చూసేటప్పుడు ప్యాడ్‌ని ఒక రేకు మీద ఆనించి ఆడించండి. గాల్లో ఫుల్ స్పీడు పెట్టొద్దు.

కార్బన్లు, వెల్క్రో ప్లేటు విడిగా దొరుకుతాయా అని అడగండి. ముందుగా అరిగేవి ఈ రెండే. మందు కొట్టే స్ప్రేయర్ కొనేటప్పుడు వాషర్లు దొరుకుతాయా అని అడుగుతామా లేదా? ఇదీ అంతే. స్పేర్ దొరకని 4 వేల మిషన్ కంటే స్పేర్ దొరికే 6 వేల మిషనే చవక.

వైరు సంగతి కూడా చూసుకోండి. సన్న వైరుతో పొడవాటి జంక్షన్ బాక్సు లాగితే వోల్టేజీ పడిపోయి మిషన్ మూలుగుతుంది, మోటారు వేడెక్కుతుంది. ఇది బోరు మోటార్లతో మనందరం అనుభవించిందే. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడండి. కారు కడిగిన తడి నేల మీద చెప్పుల్లేకుండా మిషన్ పట్టొద్దు. వైరు భుజం మీద నుంచి వెనక్కి వేసుకోండి. కళ్ళజోడు, మూతికి గుడ్డ మరవొద్దు.

ఇక డబ్బు ఎక్కడ పెట్టాలి? ఉన్నదంతా మిషన్‌కి పోసి, దాంతో వచ్చిన ఒక్క స్పాంజితో కారంతా రుద్దడం మనవాళ్ళు చేసే రెండో పొరపాటు. రంగుని తాకేది మిషన్ కాదు, ప్యాడ్. మీ దగ్గర 8 వేలుంటే మిషన్‌కి 5, 6 వేలు దాటొద్దు. మిగతాది మంచి ఫోమ్ ప్యాడ్లకి, ఒక మధ్యరకం పాలిష్‌కి, మైక్రోఫైబర్ గుడ్డలకి ఉంచండి. ఒక కారుకి తక్కువలో తక్కువ మూడు నాలుగు ప్యాడ్లు కావాలి. ప్యాడ్ నిండా పాత మందు, అరిగిన రంగు పేరుకుంటే అదే మళ్ళీ గీతలు పెడుతుంది. ఊలు ప్యాడ్, మోటు కాంపౌండు మొదట్లో కొననే వద్దు.

పద్ధతి కూడా కొంచెం చెప్తా. మొదట మీ కారు మీద పట్టొద్దు. షెడ్డులో పడేసిన పాత బానెట్ ఒకటి అడిగి తెచ్చుకోండి, దాని మీద రెండు రోజులు నేర్చుకోండి. కారుని బాగా కడిగి ఆరనిచ్చి, నీడలో పెట్టండి. రేకు చల్లగా ఉండాలి. అంచులకీ, రబ్బర్లకీ, నల్ల ప్లాస్టిక్‌కీ పేపర్ టేపు వేయండి. రెండడుగుల చదరం మాత్రమే తీసుకోండి. ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు మూడు నాలుగు చాలు. మొదట 1లో పెట్టి మందు పరిచి, తర్వాత 4కి పెంచి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, సాళ్ళు కలిసేలా నెమ్మదిగా నడపండి. మిషన్ బరువు, దాని మీద చెయ్యి బరువు చాలు. ప్లేటు అంచు మీద మార్కర్‌తో ఒక గీత పెట్టుకుంటే ప్లేటు తిరుగుతుందో ఆగిందో కంటికి తెలుస్తుంది. తుడిచి, ఎండకి చూసి, బాగుంటేనే పక్క చదరానికి వెళ్ళండి. ప్రతి చదరానికీ ప్యాడ్‌ని బ్రష్‌తో దులపండి.

మిషన్ అసలు పట్టకూడనివి కూడా ఉన్నాయి. గీత మీద గోరు పెట్టి లాగండి. గోరు తగులుకుంటే ఆ గీత లోతైనది. దాన్ని పాలిష్‌తో తీయాలని చూస్తే గీత పోయేలోపు పొర పోతుంది, వదిలేయండి. మెరుపు లేని మ్యాట్ రంగు కార్ల మీద పాలిష్ పట్టొద్దు. పొట్టు ఊడుతున్న చోట పట్టొద్దు. పాత బండ్లూ ట్రాక్టర్లూ అయితే ముందు తెల్ల గుడ్డతో ఒక మూల కొంచెం పాలిష్ రుద్ది చూడండి. గుడ్డకి బండి రంగు అంటితే దానికి క్లియర్ కోట్ లేదని అర్థం, మీరు తీసేది అసలు రంగునే. ఇంకా తేలిగ్గా పోవాలి. నన్నడిగితే ట్రాక్టర్‌కి శుభ్రంగా కడిగి మైనం పూస్తే చాలు. దమ్ములో దిగేదానికి అద్దంలాంటి మెరుపు ఎందుకు?

ఇంకో మాట. ఒక్క కారు ఉండి, రెండేళ్ళకొకసారి పాలిష్ పట్టించుకునేవాళ్ళు మిషన్ కొనొద్దనే చెప్తా. తెలిసిన పనివాడి చేత చేయించుకోండి, డీఏతో చేయమని అడగండి. లేదా మన వీధిలో నాలుగు ఇళ్ళు కలిసి ఒకటి కొనుక్కోండి. టార్పాలిన్లు, తైవాన్ స్ప్రేయర్లు కలిపి వాడుకునే మనకి ఇదేం కొత్త కాదు. ప్యాడ్లు మాత్రం ఎవరివి వాళ్ళు పెట్టుకోవాలి.

బతుకుతెరువు కోసం కొనే కుర్రాళ్ళకి గట్టిగా చెప్తున్నా. మూడు వేల రోటరీతో మొదలుపెట్టి పదిమంది కార్ల మీద నేర్చుకుందాం అనుకోకండి. ఊళ్ళో ఒక్క కారు పాడైతే రెండోవాడు రాడు. పెయింట్ ఖర్చు మీ నెత్తిన పడుతుంది. మిషన్ మీద మిగుల్చుకున్న మూడు వేలు ఒక్క బానెట్ పెయింట్‌కి చాలవు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి షాపు పెట్టడం అంతకంటే వద్దు. ముందు ఒక డీఏ, నాలుగు ప్యాడ్లు, ఒక పాత బానెట్. చెయ్యి కుదిరాక ఇంట్లో కారు, బాబాయ్ వరసవాళ్ళ కారు. ఆ తర్వాతే బోర్డు.

చివరిగా అందరికీ. పొడి దుమ్ము మీద గుడ్డతో తుడిచే అలవాటు మానకపోతే ఏ మిషన్ కొన్నా దండగే. ఇవాళ తీసిన గీతలు నెల తిరిగేసరికి మళ్ళీ వస్తాయి. తీయడానికి పొర మాత్రం ప్రతిసారీ తగ్గుతుంది. ముందు పైపుతో దుమ్ము పోయేలా నీళ్ళు కొట్టండి. రెండు బకెట్లు పెట్టుకుని ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్ళు ఉంచండి. బోరు నీళ్ళు ఆరిపోకముందే మెత్తటి గుడ్డతో తుడిచేయండి. దీనికి రూపాయి ఖర్చు లేదు. సగం మందికి ఈ మాత్రం చేస్తే పాలిష్ మిషన్ అవసరమే రాదు.

అయినా కొనాలనే ఉంటే, ధర చూసే ముందు ప్లేటు తిప్పి చూడండి. మీ దగ్గర ఇప్పటికే ఏదైనా మిషన్ ఉంటే ఫొటో పెట్టండి, అది రోటరీనో డీఏనో చూసి చెప్తాను.